లిథియం వాడే అన్నయ్యకు ఎండాకాలంలో నీళ్లు, ఉప్పు ఎంత ఇవ్వాలి? బీపీ వచ్చిందని ఉప్పు మాన్పించాక చేతులు వణుకుతున్నాయి

బెజవాడ_చెల్లి

నమస్తే అందరికీ. పోస్టు కాస్త పెద్దదే, విసుక్కోకుండా చదవండి. బంధువుల్లో ఎవరికీ ఈ జబ్బు సంగతి చెప్పలేదు కాబట్టి అడగడానికి నాకు ఇక్కడ తప్ప వేరే చోటు లేదు.

మా అన్నయ్యకు బైపోలార్, అంటే మూడ్ ఒకసారి బాగా పైకి, ఒకసారి బాగా కిందికి పోయే జబ్బు. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో బయటపడింది, ఇప్పుడు నలభైకి దగ్గర పడ్డాడు. మొదట్లో ఏవేవో మందులు మార్చి చివరికి లిథియం దగ్గర కుదురుకున్నాడు, 400 మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. బాగా పడింది. ఉద్యోగం, పెళ్లి, పాప, అన్నీ ఆ మాత్ర వేసుకుంటూనే. కాబట్టి "ముందు ఆ మందు మాన్పించండి" అని మాత్రం ఎవరూ రాయకండి, దండం పెడతాను.

మొదటినుంచీ అన్నయ్యకు దాహం ఎక్కువ. మంచం పక్కన రెండు లీటర్ల సీసా పెట్టుకుంటాడు, తెల్లారేసరికి ఖాళీ. రాత్రి నాలుగైదు సార్లు బాత్రూమ్‌కి లేస్తాడు. షుగరేమో అని పరీక్ష చేయిస్తే లేదన్నారు. అమ్మేమో "అన్నన్ని నీళ్లు తాగితే లేవక ఏం చేస్తావురా" అని రాత్రి ఏడు దాటాక సీసా దాచేస్తోంది. వదిన అమ్మకు ఎదురు చెప్పలేక, అన్నయ్య దాహం చూడలేక నలిగిపోతోంది.

పోయిన నెల ఆఫీసు హెల్త్ చెకప్‌లో బీపీ 150 మీద 100 వచ్చింది. మా దగ్గర్లో ఉన్న జనరల్ డాక్టర్ బీపీ మాత్ర రాసి ఉప్పు తగ్గించమన్నారు. అమ్మ సంగతి తెలుసుగా, తగ్గించమంటే మాన్పించేసింది. ఆవకాయ బంద్, అప్పడం బంద్, మజ్జిగలో ఉప్పు బంద్, కూరలన్నీ చప్పిడి. మిగతావాళ్లకి కూడా కలిసొస్తుందని లో సోడియం ఉప్పు ప్యాకెట్ తెచ్చిపెట్టింది.

ఇప్పుడు విషయం. వారం రోజులుగా చెయ్యి వణుకు ఎక్కువైంది. ఇదివరకూ ఉండేది కానీ కాఫీ కప్పు పట్టుకుంటే సాసర్ సన్నగా గలగలమనేంత, అంతే. ఇప్పుడు అన్నం కలిపి ముద్ద నోటిదాకా తెచ్చేలోపే సగం మెతుకులు రాలిపోతున్నాయి. నిన్నటి నుంచి విరేచనాలు కూడా. బయట 43 డిగ్రీలు, వడదెబ్బ అనుకుని తియ్యటి ఓఆర్ఎస్ డబ్బాలు, కొబ్బరిబొండాలు తాగిస్తున్నాం. సైకియాట్రిస్ట్ హైదరాబాద్‌లో ఉంటారు, అపాయింట్‌మెంట్ వచ్చే నెల.

నీళ్లు పెంచాలా తగ్గించాలా, ఉప్పు వెయ్యాలా వద్దా, ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

మందులకొట్టు_బాబాయ్

అమ్మా, నీళ్లా ఉప్పా అన్న చర్చ రేపు తీరిగ్గా చేసుకుందాం. వణుకు పెరిగింది, విరేచనాలు అవుతున్నాయి, ఈమధ్యే కొత్త బీపీ మాత్ర మొదలైంది. లిథియం వాడే మనిషిలో ఈ మూడూ ఒకేసారి కనిపిస్తే మందు ఒంట్లో పేరుకుపోతోందని అనుమానించాలి. వడదెబ్బ కూడా కావచ్చు, కానీ అది తేల్చుకోవాల్సింది ఇంట్లో కాదు. ఈ రాత్రి లిథియం మాత్ర వెయ్యకుండా ఇప్పుడే ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లు. తర్వాత ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్లు చెప్తారు. మాట ముద్దముద్దగా వస్తున్నా, నడకలో తూలుతున్నా, మగతగా పడి ఉంటున్నా ఆటో కోసం చూడకు, 108కి ఫోన్ చెయ్యి.

వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లు, పేర్లు నోటితో చెప్తే గందరగోళం. అక్కడ కూర్చోగానే మొదటి మాట "లిథియం వాడుతున్నాడు, లెవెల్ చూడండి" అని చెప్పాలి. లూజ్ మోషన్స్ అని మాత్రమే చెప్తే సెలైన్ పెట్టి సాయంత్రానికి పంపించేస్తారు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్, దాంతో పాటు సోడియం, పొటాషియం కూడా అడుగు.

ఇంకో మాట. ఆ బీపీ మాత్ర స్ట్రిప్ మీద పేరు చివర ఎచ్ అనే అక్షరం ఉందేమో చూసి చెప్పు.

బెజవాడ_చెల్లి

ఉంది బాబాయ్. టెల్మిసార్టాన్ 40, పక్కన ఎచ్. వదిన బట్టలు సర్దుతోంది, బయల్దేరుతున్నాం. అన్నయ్య మాట్లాడుతున్నాడు, కానీ చెప్పులు వేసుకోవడానికి గోడ పట్టుకున్నాడు.

మందులకొట్టు_బాబాయ్

గోడ పట్టుకున్న సంగతి కూడా డాక్టరుకు చెప్పు తల్లీ. ఆ ఎచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, ఒంట్లో ఉప్పును మూత్రంలో పంపేసే మందు. దాంతో లిథియం లెవెల్ చాలామందిలో పావు వంతుకు పైగానే పెరుగుతుంది. టెల్మిసార్టాన్ కూడా తనవంతు పెంచగలదు. ఆమ్లోడిపిన్ అయితే ఈ పేచీ ఉండదు. కొట్లో కూర్చుని ఎన్నేళ్లుగానో చూస్తున్నాను, లిథియం రాసే డాక్టరు ఒకరు, బీపీకి రాసే డాక్టరు ఇంకొకరు. రెండు చీటీలూ ఒకే కౌంటర్ మీదికి వస్తే మేం పట్టుకుంటాం, వేరు వేరు కొట్లలో కొంటే ఎవరికీ తెలియదు.

కిడ్నీవార్డు_నైట్‌డ్యూటీ

బాబాయ్ గారు చెప్పాల్సింది చెప్పేశారు, వాళ్లు ఆసుపత్రికి బయల్దేరారు కూడా. నేను నెఫ్రాలజీలో పనిచేస్తాను. ఇలాంటి కేసులు ఏప్రిల్, మే నెలల్లో తప్పకుండా వస్తాయి కాబట్టి లోపల ఏం జరుగుతుందో కొంచెం వివరంగా రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

లిథియం కూడా సోడియం కుటుంబంలోదే. ఆవర్తన పట్టికలో సోడియానికి సరిగ్గా పైగడిలో ఉంటుంది. మన కిడ్నీకి ఆ రెండింటికీ తేడా పెద్దగా తెలియదు. వడపోతలో దిగిన లిథియంలో నాలుగింట మూడు వంతులు సోడియంతో పాటే మళ్లీ రక్తంలోకి వెనక్కి వస్తుంది, మిగిలిందే మూత్రంలో పోతుంది. ఇప్పుడు మనిషికి చెమట పట్టింది, లేదా విరేచనాలయ్యాయి, లేదా ఇంట్లో ఉప్పు మాన్పించారు. ఒంట్లో సోడియం తగ్గిందని కిడ్నీ పీనాసితనం మొదలుపెడుతుంది, దొరికిన ప్రతి సోడియం కణాన్నీ వెనక్కి లాక్కుంటుంది, దాంతో పాటు లిథియాన్నీ లాక్కుంటుంది. మాత్ర అదే, వేళ అదే, రక్తంలో మోతాదు మాత్రం పైకి పోతుంది. ఎచ్ మాత్ర చేసేదీ ఇదే పని, ఇంకాస్త గట్టిగా.

మామూలుగా రక్తంలో 0.6 నుంచి 0.8 దాకా, కొందరికి 1.0 దాకా ఉండేలా చూస్తారు. 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయని పుస్తకాల్లో ఉంటుంది, కానీ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో అంతకంటే తక్కువలోనూ వస్తాయి, ఎందుకంటే మందు అప్పటికే మెదడులో నిండి ఉంటుంది. వైద్యంలో వాడే ఇంత సామాన్యమైన మందుల్లో సరైన మోతాదుకూ విషానికీ మధ్య దూరం ఇంత తక్కువ ఉన్నవి చాలా కొద్ది. అలాగని భయపడి మానేయాల్సిన మందు కాదు, ఆత్మహత్య ఆలోచనలున్న బైపోలార్ రోగులను కాపాడటంలో దీనికి దీటైనది దొరకడం కష్టం.

ఆ లో సోడియం ఉప్పు ప్యాకెట్ గురించి చదవగానే నాకు పాత కథ ఒకటి గుర్తొచ్చింది. 1940ల చివర్లో అమెరికాలో గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లకు మామూలు ఉప్పుకు బదులుగా లిథియం క్లోరైడ్ అమ్మారు, భోజనాల బల్ల మీద చల్లుకోవడానికి. వాళ్లందరికీ డాక్టర్లు సోడియం మాన్పించే ఉన్నారు! అంటే కిడ్నీ లిథియాన్ని పట్టుకుని వదలని మనుషులకే దాన్ని లెక్కాపత్రం లేకుండా తినిపించారు. కొందరు చనిపోయాక 1949లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. విచిత్రంగా అదే ఏడాది ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు ఉన్మాదానికి లిథియం పనిచేస్తుందని ప్రచురించాడు. ఆ చావుల భయం పోవడానికి చాలా కాలం పట్టింది, అమెరికాలో దీన్ని మందుగా ఒప్పుకున్నది 1970లో.

ఇప్పుడు దొరికే లో సోడియం ఉప్పులో లిథియం ఉండదు, భయం లేదు. సోడియంలో కొంత తీసేసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కానీ టెల్మిసార్టాన్ పొటాషియాన్ని ఒంట్లో నిలబెడుతుంది, కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉండి సోడియం తక్కువ ఉంటుంది, పైన ఈ ఉప్పు. కిడ్నీ కూడా కాస్త మందగిస్తే పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. అందుకే బాబాయ్ గారు పొటాషియం కూడా చూపించమన్నది.

ఇక దాహం. ఇది వేరే సంగతి, దీన్ని మీ అమ్మగారు తప్పకుండా వినాలి. లిథియం ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలో చివరి గొట్టాల కణాల్లోకి చేరి అక్కడ నీటిని వెనక్కి పీల్చే దారులను తగ్గించేస్తుంది. మెదడు నుంచి "నీళ్లు దాచు" అనే హార్మోన్ వస్తూనే ఉంటుంది, కిడ్నీ దాన్ని పట్టించుకోదు. అందుకని పల్చటి మూత్రం రోజుకు మూడు లీటర్లు, కొందరికి ఇంకా ఎక్కువ పోతుంది. దీన్ని నెఫ్రోజెనిక్ డయాబెటిస్ ఇన్సిపిడస్ అంటారు, షుగర్‌తో ఏ సంబంధమూ లేదు. అంటే మీ అన్నయ్య నీళ్లు ఎక్కువ తాగుతున్నాడు కాబట్టి మూత్రం ఎక్కువ రావడం కాదు, మూత్రం పోతోంది కాబట్టి తాగుతున్నాడు. ఇలాంటి మనిషికి రాత్రిపూట సీసా దాచేస్తే తెల్లారేసరికి రక్తం చిక్కబడుతుంది, సోడియం పెరుగుతుంది, నీళ్లు తగ్గి కిడ్నీ మందగించి లిథియం కూడా పెరుగుతుంది. సీసా వెంటనే మంచం పక్కన పెట్టేయండి.

ఇంత రాసినా ఇది పరీక్ష లేకుండా నా ఊహే, అతిదాహానికి లిథియం వల్లే వచ్చే కాల్షియం పెరుగుదల కూడా కారణం కావచ్చు. కాల్షియం, మూత్రం ఆస్మోలాలిటీ (మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే పరీక్ష) చూపిస్తే తేలుతుంది.

ప్రకృతి_ప్రేమికుడు

ఇంత రాద్ధాంతం అక్కర్లేదు. ఉప్పే సర్వరోగాలకు మూలం, మన పూర్వీకులు ఉప్పు ఎక్కడ తిన్నారు? రోజూ బార్లీ నీళ్లు, కొబ్బరినీళ్లు, చప్పిడి తిండి పెట్టండి, ఒంట్లో విషాలన్నీ మూత్రంలో కొట్టుకుపోతాయి. నెమ్మదిగా మాత్రలు కూడా తగ్గించవచ్చు.

కిడ్నీవార్డు_నైట్‌డ్యూటీ

పూర్వీకుల ఆవకాయ జాడీలో ఏం వేశారంటారు సార్? పోనీ, గొడవ వద్దు. ఈ మనిషికి ఇప్పుడు జరిగింది సరిగ్గా మీరు చెప్పినదే: చప్పిడి తిండి, కొబ్బరినీళ్లు, మూత్రం వచ్చే మందు. విషం కొట్టుకుపోలేదు, పేరుకుంది. దయచేసి లిథియం వాడేవాళ్లకు ఈ సలహా ఇవ్వకండి.

ఓరుగల్లు_మబ్బు

నేను లిథియం వేసుకునే మనిషినే, పదిహేనేళ్లకు పైనే అవుతోంది. డాక్టర్ల మాట డాక్టర్లు చెప్పారు, ఇంట్లో రోజూ ఎట్లా నడుస్తదో నేను చెప్తా.

ఉప్పు విషయంలో నా డాక్టర్ ఒకటే మాట చెప్పింది: నువ్వు ఎంత తింటావో నాకు పట్టింపు లేదు, రోజూ ఒకేలా తిను. మా ఇంట్ల పచ్చళ్లు, సకినాలు, చారు అన్నీ తింటాం, దాని మీదనే నా మోతాదు కుదిరింది. రేపు బీపీ వచ్చి ఉప్పు తగ్గించాలంటే తగ్గిస్తా, కానీ ముందు ఆమెకు చెప్పి, కొంచెం కొంచెంగా తగ్గించి, వారం తర్వాత లెవెల్ చూపించుకుంటా. ఉల్టా కూడా నిజమే, ఉప్పు ఒక్కసారి బాగా పెంచితే మందు మూత్రంల పోయి లెవెల్ పడిపోతది, మూడ్ మళ్లీ మీదికి పోవచ్చు. టీ, కాఫీ కూడా అంతే. రోజుకు ఆరు టీలు తాగే మనిషి ఒకేసారి మానేస్తే లెవెల్ పెరుగుతదని చాలామందికి తెల్వదు.

ఒక్కపొద్దుల సంగతి. మా అమ్మ శనివారం ఉంటది, నన్నూ ఉండమంటది. నేను ఒక్కపూట తిండి మానేస్తా గానీ నీళ్లు మానను, ఎండాకాలంల అసలే ఉండను. మా పక్కింటి దోస్త్ రోజా ఉంటడు, ఆయన కూడా లిథియమే. రంజాన్‌కు నెల ముందే డాక్టర్ దగ్గరికి పోయి మోతాదు మొత్తం రాత్రికి మార్పించుకుంటడు, ఇఫ్తార్ నుంచి సహరీ దాకా నీళ్లు సర్దుకుంటడు, మధ్యల ఒకసారి రక్తం ఇస్తడు. అది అందరికీ కుదరదు, ఎండలు ముదిరిన ఏడు ఆయనకు వద్దని చెప్పేసిన్రు, ఆయన ఉండలేదు.

నొప్పి మాత్రలు. ఇది చెల్లికి ముఖ్యంగా చెప్పాలె. పన్ను నొప్పి, నడుం నొప్పి అని కాంబిఫ్లామ్, వోవెరాన్ లాంటివి వేసుకుంటే లెవెల్ పెరుగుతది, లోపల ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఉంటయి. నాకు జ్వరమొచ్చినా తలనొప్పొచ్చినా ఉత్త పారాసిటమాల్. నా పర్సుల చిన్న కాగితం ఉంటది, లిథియం వాడుతున్న, ఎచ్ ఉన్న బీపీ మాత్రలు, నొప్పి మాత్రలు ఇచ్చే ముందు ఫలానా నంబర్‌కు ఫోన్ చేయండని. ఏ ఊళ్లె ఏ డాక్టర్ దగ్గరికి పోయినా మొదలు అది తీసి టేబుల్ మీద పెడత.

మూడ్ మీదికి పోయినప్పుడు ఇంట్లోళ్లు చూడాల్సిన సంగతి ఇంకోటి ఉంది. నాకు అప్పుడు ఆకలి దప్పి తెల్వవు. రాత్రంతా తిరుగుత, ఎండల తిరుగుత, గ్లాసు నీళ్లు తాగాలని తోచదు. అన్నం తిన్నవా అని అడిగితే తిన్నా అంట, తినను. మా ఆవిడ అడగడం మానేసి గంటకోసారి మజ్జిగ గ్లాసు చేతిల పెట్టి తాగేదాక నిలబడతది.

కరీంనగర్_వదిన

మబ్బు అన్న రాసింది మొత్తం లిథియం వాడేవాళ్లకు. బైపోలార్ ఉన్న అందరికీ ఇదే అనుకోవద్దని నేను రాస్తున్నా. మా ఆయనకు లిథియం కాదు, ఆక్స్‌కార్బజెపిన్ ఇచ్చారు. మాకు సమస్య తిరగబడి వచ్చింది. ఎండలు కదా అని, ఎవరో వాట్సాప్‌లో పెట్టారని, రోజూ ఐదారు లీటర్ల నీళ్లు తాగేవారు. తలనొప్పి, వికారం, తర్వాత మతిమరుపు మాటలు, ఒకరోజు సొంత తమ్ముణ్ణే ఎవరని అడిగారు. మేమంతా జబ్బు తిరగబెట్టిందనే అనుకున్నాం. ఆసుపత్రిలో చూస్తే సోడియం 118, మామూలుగా 135 పైన ఉండాలంట. ఆ మందు ఒంట్లో నీళ్లను పట్టి ఉంచుతుందంట, పైనుంచి మనం ఇంకా పోస్తే ఉప్పు పల్చబడిపోతుంది. కార్బమజెపిన్‌కు కూడా ఇదే తీరు అన్నారు. ఆయనకు నీళ్లు కొలిచి ఇమ్మన్నారు.

ఇంటికి తీసుకొచ్చి ఉప్పునీళ్లు తాగిద్దామా అని మా మామయ్య అడిగితే డాక్టర్ గట్టిగా వద్దన్నారు, సోడియం తొందరగా పెంచితే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగులుతుందంట, రోజుకు ఇంత అని లెక్కపెట్టి పెంచారు. కాబట్టి చెల్లీ, ఎవరైనా బైపోలార్‌కు నీళ్లు బాగా తాగాలి, లేదా తగ్గించాలి అంటే ముందు ఏ మాత్ర అని అడుగు.

ల్యాబ్_కోట్

చిన్న సంగతి, కానీ దీని వల్ల చాలా అనర్థాలు చూశాను. లిథియం లెవెల్‌కు మామూలుగా రక్తం ఇవ్వాల్సింది చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే పొద్దున తొమ్మిదికి, పొద్దుటి మాత్ర వేసుకోకముందు. మాత్ర వేసుకుని టిఫిన్ తినేసి వస్తే లెవెల్ ఎక్కువ చూపిస్తుంది, అనవసరంగా మోతాదు తగ్గించేస్తారు. ఈ అన్నయ్యగారిలా విషలక్షణాలు ఉంటే మాత్రం 12 గంటల లెక్క పట్టించుకోకుండా వెంటనే తీయాలి, చివరి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో చీటీ మీద రాస్తే చాలు.

రెండోది, రక్తం ఏ గొట్టంలో తీస్తున్నారో చూడండి. ఆకుపచ్చ మూత గొట్టాల్లో చాలావాటిలో రక్తం గడ్డకట్టకుండా లిథియం హెపారిన్ ఉంటుంది. పేరులోనే లిథియం! అందులో తీస్తే లేని లిథియం కూడా కనిపిస్తుంది. ఎర్ర మూత లేదా పసుపు మూత గొట్టంలో తీయమనండి. కొత్తగా చేరిన పిల్లలకు ఇది తెలియదు, అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

బెజవాడ_చెల్లి

అందరికీ పేరుపేరునా నమస్కారం. నిన్నంతా ఫోన్ చూసే తీరిక లేదు.

లెవెల్ 1.9 వచ్చింది. క్రియాటినిన్ 1.6, ఆఫీసు చెకప్‌లో 1.0 ఉండేది. పొటాషియం 5.4. వెంటనే చేర్చుకున్నారు, లిథియం, బీపీ మాత్ర రెండూ ఆపేశారు. హైదరాబాద్ డాక్టర్‌గారు ఇక్కడి డాక్టర్లతో ఫోన్‌లో మాట్లాడారు. డయాలసిస్ అవసరం రావచ్చని భయపెట్టారు కానీ సెలైన్‌తోనే దిగుతోంది, ఈ పొద్దున 1.2. అన్నయ్య స్పూన్‌తో ఇడ్లీ తిన్నాడు, ఇంకా వణుకుతోంది గానీ చట్నీ ఒలకలేదు. లెవెల్ దిగినా వణుకు, తూలుడు కొన్నాళ్లు ఉంటాయన్నారు, మెదడులోంచి మందు నెమ్మదిగా బయటికి వస్తుందంట.

కిడ్నీ సార్ రాసిన నీళ్ల సంగతి వదిన ఇక్కడి డాక్టర్లకు చదివి వినిపించింది. మంచిపని అయింది, ఎందుకంటే సెలైన్ పెట్టిన రాత్రి సోడియం 149కి వెళ్లింది. నోటితో నీళ్లు తాగనిచ్చి, సెలైన్ రకం మార్చి సరిచేశారు. ఇదెందుకు జరిగిందో నాకు అర్థం కాలేదు, సెలైన్ అంటే నీళ్లే కదా?

ఇంకో రెండు ప్రశ్నలు. ఇంటికొచ్చాక అదే లిథియం మళ్లీ ఇస్తారా? ఆ తియ్యటి ఓఆర్ఎస్ డబ్బాలు తాగించడం వల్ల ఏమైనా చెడు జరిగిందా?

కిడ్నీవార్డు_నైట్‌డ్యూటీ

చాలా సంతోషం. సెలైన్ అంటే ఉప్పునీళ్లు, లీటరులో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మీ అన్నయ్య కిడ్నీ నీటిని నిలుపుకోలేదు, పల్చటి మూత్రంగా నీళ్లు వదిలేసి ఉప్పును లోపల ఉంచుకుంటుంది. అందుకని సోడియం పైకి పోయింది. ఇలాంటివాళ్లకు సెలైన్ పెట్టినప్పుడు కొన్ని గంటలకోసారి సోడియం చూస్తూ ఉండాలి, వాళ్లు చూశారు కాబట్టే పట్టుకున్నారు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఎప్పుడైనా అపెండిక్స్‌కో ఇంకోదానికో ఆపరేషన్ అవసరమై "రాత్రి నుంచి నీళ్లు కూడా తాగొద్దు" అన్నారంటే, మత్తు డాక్టర్‌కు ఈ సంగతి ముందే చెప్పాలి.

మళ్లీ ఇస్తారా అన్నది సైకియాట్రిస్ట్, కిడ్నీ డాక్టర్ కలిసి తేల్చాలి. ఈసారి లెవెల్ పెరగడానికి బయటి కారణాలు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి, క్రియాటినిన్ మామూలుకు వస్తే తక్కువ మోతాదులో, రాత్రిపూట ఒకేసారి వేసుకునేలా మొదలుపెట్టే అవకాశం ఉంది. అతిమూత్రం తగ్గడానికి అమిలోరైడ్ అనే మందు ఉంది, లిథియం ఆ కణాల్లోకి దూరే దారినే మూసేస్తుంది. కానీ అది పొటాషియాన్ని పెంచుతుంది, 5.4 ఉన్న మనిషికి ఇప్పుడే ఎవరూ రాయరు. ఏళ్ల తరబడి ఉన్న అతిమూత్రం పూర్తిగా పోకపోవచ్చు, అప్పుడు చేయగలిగింది దాహం వేసినప్పుడల్లా నీళ్లు అందుబాటులో ఉంచడమే. మంచినీళ్లే, కూల్‌డ్రింకులు కాదు. దాహానికి కూల్‌డ్రింకులు అలవాటై పది కిలోలు పెరిగినవాళ్లు నాకు తెలుసు.

మందులకొట్టు_బాబాయ్

డబ్బాల సంగతి నేను చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఓఆర్ఎస్ లీటరులో సోడియం 75 మిల్లీ ఈక్వివలెంట్లు, గ్లూకోజ్ 13.5 గ్రాములు ఉండాలి. ఓఆర్ఎస్ అని పేరు తగిలించుకుని అమ్మిన తియ్యటి డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు, ఉప్పు తక్కువ. విరేచనాలప్పుడు అంత చక్కెర పడితే ఇంకా ఎక్కువవుతాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ, అదే తిండి పదార్థాల నాణ్యత చూసే కేంద్ర సంస్థ, ఆ లెక్కకు సరిపోని డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే మాటే వాడకూడదని ఆర్డర్ వేసింది. పాత సరుకు, కొత్త పేర్లతో అదే సరుకు, ఇంకా కొట్లలో కనబడుతూనే ఉంటుంది. ప్యాకెట్ వెనక డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉన్న పొడి అడిగి తీసుకోండి, లీటరుకు అని రాసి ఉంటే సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపండి, సగం సగం కలపొద్దు.

అమ్మా, బీపీ మళ్లీ చూపించుకునేటప్పుడు లిథియం చీటీ ఆ డాక్టర్ ముందు పెట్టు. మంచివాళ్లే, వాళ్లకు చెప్పినవాళ్లు లేరు, అంతే.

గల్ఫ్_జగిత్యాల

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను దుబాయ్‌లో కన్‌స్ట్రక్షన్ సైట్‌లో ఉంటాను, నాకూ లిథియమే, ఇంటి నుంచి పార్సిల్‌లో వస్తుంది. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని ఆపాలని రూల్ ఉంది, కానీ మిగతా వేళల్లో కూడా చెమట కారిపోతూనే ఉంటుంది. జబ్బు సంగతి కంపెనీలో చెప్పలేదు. ఏం చెయ్యాలి?

ఓరుగల్లు_మబ్బు

తమ్ముడూ, ఎండాకాలం మొదలయ్యే ముందు ఒకసారి, నడి ఎండల ఒకసారి లెవెల్, క్రియాటినిన్ చేయించు, అక్కడి క్లినిక్‌ల అయినా సరే. అన్నంల ఉప్పు తగ్గించకు, నీళ్లు దాహం అయ్యేదాక ఆగకుండా తాగుతూ ఉండు, నీళ్లతో పాటు మజ్జిగో ఓఆర్ఎస్సో పడాలె. వాంతులు గానీ విరేచనాలు గానీ పట్టుకున్న రోజు మాత్ర ఆపి డాక్టర్‌కు ఫోన్ చెయ్యి. కంపెనీల అందరికీ చెప్పకపోయినా నీ రూమ్‌ల ఒక్కడికైనా చెప్పి పెట్టు, నువ్వు తూలుతుంటే తాగినవని అనుకుని పడుకోబెట్టకుండా ఆసుపత్రికి తీసుకపోయేటోడు ఒకడు ఉండాలె. ఇంట్లోళ్లకు 14416 నంబర్ ఇవ్వు, టెలిమానస్ అని సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగుల మాట్లాడతరు, పైసలు ఉండవు. ఇంతకీ చివరిసారి లెవెల్ ఎప్పుడు చూపించుకున్నవ్?

గల్ఫ్_జగిత్యాల

ఇక్కడికి వచ్చాక ఒక్కసారి కూడా లేదన్నా. శుక్రవారం సెలవు, క్లినిక్‌కి పోతాను. గురువారం రాత్రి మాత్ర తొమ్మిదికి వేసుకుని పొద్దున తొమ్మిదికి రక్తం ఇస్తా, ఆకుపచ్చ మూత గొట్టం వద్దంటా.